అద్దె చప్పట్లు

పోయిన వారం మనం శ్రీప్రియను ఎడిటింగ్ గదిలో, రెండు తెరల మధ్య, నోరు తెరుచుకుని ఉండగా వదిలేసి వచ్చాం. పాపం, ఆ పిల్ల వారం రోజులుగా అట్లాగే ఉంది. ముందు ఆ నోరు మూయించే పని చూద్దాం.

దారిలో ఎక్కినవాళ్ల కోసం నాలుగు మాటలు. శ్రీప్రియ ‘పిడుగుదొర’ సినిమాకు ఎడిటరు. సొంతంగా చేస్తున్న మొదటి సినిమా. గుప్పిట్లో పిడుగులు పట్టుకుని ఆకాశంలో ఎగిరే వీరుడి కథ అది. మూడు వందల కోట్ల ఖర్చు, రెండేళ్ల చాకిరీ. డైరెక్టరు నరేన్ గుంటూరు నుంచి వచ్చి చెన్నైలో నిలదొక్కుకున్నవాడు. నిర్మాత దేవరాజులు కుటుంబం తాతల నాటి నుంచి జార్జి టౌనులో ఇంగువ టోకు వ్యాపారం చేస్తోంది. ఆదివారం నాడు మామూలు జనం రెండు వందల మందిని పిలిచి సినిమా వేసి చూపిస్తే, చప్పట్లతో, ఈలలతో హాలు అదిరిపోయింది. నరేన్ కనబడినవాడికల్లా మైసూరుపాకు పంచాడు. ఇక గురువారం సాయంత్రం ఆరింటికి సినిమాకు తాళం పడిపోతుంది. ఆ తర్వాత ఒక్క ఫ్రేము కదపాలన్నా బ్రహ్మతరం కాదు.

శ్రీప్రియకు మాత్రం ఆ మైసూరుపాకు గొంతు దిగలేదు. సినిమా చూస్తుంటే కళ్లు చెదురుతున్నాయి గానీ గుండె కదలడం లేదని ఆమెకు ఎప్పటినుంచో బెంగ. ఆ మాట చెప్పబోయినప్పుడల్లా నరేన్ ఆదివారం నాటి చప్పట్లను అడ్డం వేస్తున్నాడు. సరే, ఆ చప్పట్లనే చూద్దామని బుధవారం పొద్దున్నే, హాల్లో ప్రేక్షకుల ముఖాలు తీసిన వీడియో తెరిచింది. మూడో వరుసలో ఒకావిడ రెండు చేతులూ బలంగా చరుస్తూ, అదే ఊపున దవడలు విరిగేలా ఆవులిస్తోంది. ఆ ముఖం ఎక్కడో చూసినట్టుంది. ఎక్కడో కాదు, పక్క తెర మీదే ఉంది. సినిమాలో వంతెన కూలేటప్పుడు చంకలో బిందెతో పరుగెత్తే మనిషి ఆవిడే! పక్కన కూర్చున్నవాడు ఆసుపత్రి సీనులో రోగి. వెనక ఈల వేస్తున్నవాడు మూడో రీలులో పోలీసు. ఎనిమిది నెలలుగా ఆ గుంపుల్ని ఫ్రేము ఫ్రేముగా చూసిన కళ్లు అవి. పొరబడే ప్రశ్నే లేదు.

అక్కడ కదా మనం ఆపాం. ఇప్పుడు పదండి.

శ్రీప్రియ ప్రొడక్షన్ మేనేజరు వీరరాఘవుల్ని పిలిచింది. ముప్పై ఏళ్లుగా కోడంబాకంలో ఏనుగు కావాలన్నా ఏడుపు కావాలన్నా గంటలో తెచ్చి నిలబెట్టిన ఘనుడు. భుజాన తుండుగుడ్డ, చేతిలో కాఫీ గ్లాసుతో చిద్విలాసంగా వచ్చాడు.

“రాఘవులన్నా, ఆదివారం జనాన్ని యాడనుంచి తెచ్చినావు?”

“ఏం పాపా, బాగా లేరా?” ఆయన ముఖం కాస్త చిన్నబోయింది. “మంచి ముఖాలే గదా ఏరి తెచ్చినా. ఒక వరసలో ఒకే రంగు చీర రెండు రాకుండా నేనే నిలబడి చూసుకున్నా.”

“జూనియర్ ఆర్టిస్టుల ఏజెంటుకు ఫోన్ చేసినావా?”

“మరి ఇంకెవరికి చేస్తా? జనం కావాలంటే నేను ఆయనకే గదా చేసేది.”

“మామూలు జనం కావాలని అన్నాం గదన్నా!”

“మామూలు జనమే పాపా! డాక్టరు వేషాలోళ్లు వద్దన్నా, లాయరు వేషాలోళ్లు వద్దన్నా. అందరూ మామూలు జనం వేషాలోళ్లే.”

శ్రీప్రియ కుర్చీలో కూలబడింది. “మరి ఆ చప్పట్లు? రెండొందల మంది ఒకే తూరి కొట్టినారే?”

“కొట్టరా మరి? తెర పక్కన నిలబడి నేనే గదా తుండు ఊపినా!” ఊపి చూపించాడు కూడా. “పైకెత్తితే చప్పట్లు, గిరగిరా తిప్పితే ఈలలు. లేకపోతే తలా ఒక చోట కొడతారు పాపా. కంటిన్యుటీ యాడుంటాది?”

ఆమెకు నవ్వు ఆగలేదు. బల్ల మీద తల పెట్టుకుని, కళ్ల నీళ్లు కారేదాకా నవ్వింది. పాపం రాఘవులుది మోసం కాదు, పని మీద భక్తి. ‘జనం’ అని ఎవరన్నా అంటే ముప్పై ఏళ్లుగా ఆయన చెయ్యి ఒకే నంబరు మీదికి పోయింది, ఆ ఆదివారమూ అక్కడికే పోయింది. నవ్వయ్యాక శ్రీప్రియకు అసలు సంగతి తట్టింది. అంటే నిజమైన ప్రేక్షకుడు ఒక్కడంటే ఒక్కడు ఈ సినిమా చూడలేదు. తాళం పడటానికి ఇంకా ఒకటిన్నర రోజే ఉంది.

నేరుగా నరేన్ గదిలోకి వెళ్లి చెప్పేసింది. దేవరాజులు కూడా అక్కడే ఉన్నాడు. షోళింగనల్లూరు ఆఫీసుకు ఆయన వస్తే ఏసీ గదిలో కూడా సన్నగా ఇంగువ వాసన వస్తుంది.

నరేన్ ముఖం ముందు ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది, చివరికి మొండితనంలో స్థిరపడింది. “జూనియర్ ఆర్టిస్టులయితే ఏంటండీ? వాళ్లు మనుషులు కాదా? తుండు చూసి కొట్టారు సరే, నచ్చలేదని ఎవరన్నారు?”

“ఎవరూ అనలేదు సార్. మనం అడగలేదు గదా,” అంది శ్రీప్రియ.

“అడగండప్పా,” అన్నాడు దేవరాజులు. “సరుకు మంచిదయితే మూత తీయడానికి భయమెందుకు?”

ఆవులించిన ఆవిడ పేరు అమ్మాసి అని, మాధవరం పాల కాలనీ దగ్గర ఉంటుందని వెంట వచ్చిన రాఘవులు చెప్పాడు. అంతటితో ఊరుకోకుండా ఇంకో సంగతి కూడా చెప్పాడు. షూటింగు నుంచి ఆవిడ ఇంటికి పోతే వీధి వీధంతా అరుగుల మీద చేరి కథ చెప్పమంటుందట. ఒక్క రోజు గుంపులో నిలబడి వచ్చినా చాలు, అక్కడ విన్న నాలుగు ముక్కల నుంచి సినిమా మొత్తం అల్లి చెప్పేస్తుందట. ఆవిడ చెప్పిన కథకంటే అసలు సినిమా చప్పగా ఉందని ఆ వీధివాళ్లు నిర్మాతలను తిట్టుకున్న రోజులు కూడా ఉన్నాయట.

నరేన్ బల్ల మీద చరిచాడు. “ఇంకేం! మన కథ ఆవిడనే చెప్పమందాం. రెండున్నర గంటలు పూర్తిగా చూసిన మనిషి. చక్కగా చెప్పిందా, సినిమా ఇట్లాగే పోతుంది, మళ్లీ ఎవరూ నోరెత్తకూడదు. చెప్పలేకపోయిందా, తాళం పడేలోపు నేనే సినిమాను విప్పుతాను. సరేనా శ్రీప్రియా?”

“సరే సార్,” అంది శ్రీప్రియ. ఎనిమిది నెలల పని మీద తీర్పు మాధవరం బస్సెక్కి వస్తోందని ఆమెకు అర్థమైంది. భయం వేసింది, దాంతోపాటు ఎందుకో ఉత్సాహంగానూ ఉంది.

అమ్మాసి మధ్యాహ్నం పన్నెండింటికి ఎడిటింగ్ గదికి వచ్చింది. యాభై దాటిన మనిషి. చేతిలో ఉబ్బెత్తు సంచీ, అందులో మూడు చీరలు. పిలుపొస్తే ఏ వేషమో తెలియదు కాబట్టి ఎప్పుడూ మూడు చీరలతో బయల్దేరుతుంది. ఒకటి పెళ్లికి, ఒకటి చావుకు, ఒకటి సంతకు.

“ఏ చీర కట్టాల పాపా?” అని అడిగింది గుమ్మంలోనే.

“ఏదీ వద్దక్కా. కూర్చో. ఆదివారం చూసిన సినిమా ఎట్లుండాది?”

అమ్మాసి నలుగురి ముఖాలూ చూసింది. ఇరవై ఎనిమిదేళ్ల అనుభవం ఊరికే పోతుందా. “రొంబ బాగుండాది సార్. సూపరు,” అంది నరేన్ వైపు తిరిగి, అలవాటు కొద్దీ రెండు చప్పట్లు కూడా కొట్టింది.

నరేన్ కాలర్ సర్దుకున్నాడు. “అయితే కథ చెప్పమ్మా. మీ వీధిలో చెప్పినట్టే చెప్పు.”

“కథా?” అమ్మాసి సంచీ ఒళ్లో పెట్టుకుంది. గొంతు సవరించుకుంది. “ఒకాయన ఉండాడు సార్. ఎగురుతాడు. ఎగురుతాంటే ఒక బిల్డింగు పడిపోయింది. అప్పుడు ఇంకొకాయన వచ్చినాడు. ఆయనా ఎగురుతాడు. ఇంకో బిల్డింగు పడిపోయింది. అప్పుడు…” ఆగింది. పైకప్పు వైపు చూసింది. వేళ్లు మడిచింది. “అప్పుడు ఇంకొంచెం పెద్ద బిల్డింగు.”

దేవరాజులుకు కాఫీ ముక్కులోకి పోయింది. రాఘవులు ఆయన వీపు నిమరడంలో మునిగిపోయాడు.

“వంతెన సీను చెప్పవేమ్మా!” నరేన్ గొంతు పెరిగింది. “వెయ్యి మందిని కాపాడతాడు కదా ఆ సీనులో!”

“ఎవుర్ని సార్? నేను ఆ వంతెన మింద చచ్చిపోయినా గదా.”

“నువ్వా?”

“ఆమా సార్. ఈ సినిమాలో నేను తొమ్మిది తూర్లు చచ్చిపోయినా. వంతెన మింద ఒక తూరి, ఆసుపత్రిలో రెండు తూర్లు, బస్సులో ఒక తూరి… చీర మార్చి, కొప్పు మార్చి చస్తానే ఉంటిని. తొమ్మిది తూర్లూ ఆ బాబు మింద ఎగరతానే ఉన్నాడు. ఒక్క తూరన్నా కిందికి చూల్లే. చూస్తే నాకు తెలస్తాది సార్. శవమయినా గానీ ఒక కన్ను కొంచెం తెరిచే పెట్టుకుంటా.”

“అది వీరుడి ఠీవి! చూపు దూరంగా ఉండాలి. పోస్టరు చూడలేదా?”

“చూసినా సార్. బాగుండాది.” అమ్మాసి గొంతులో వెటకారం లేదు, నిజంగా నచ్చజెప్పాలనే తాపత్రయమే ఉంది. “తిట్టద్దు సార్, అడిగినారు గనక చెప్తాండా. మా వీధిలో క్యాన్ నీళ్లు వేసే ముత్తురాజ్ ఉండాడు. పోయిన నెల మూడో మాడి మింద, అంత ఎత్తులో ఇరుక్కున్న పిల్లిని దించినాడు. ఆ కథ నేను మూడు దినాలు చెప్పినా. చాలదని నాలుగో దినం గూడా అడిగినారు. పిల్లి కోసమా? పిల్లిదేముండాది! ముత్తురాజ్‌కి పిల్లంటే ఒళ్లంతా వణుకు. వణుకుతానే ఎక్కినాడు, ఏడుస్తానే దించినాడు. ఈ బాబుకి ఏమంటే భయం సార్? ఏమీ లేదే! ఆయనకి ఏమీ కాదని మొదటి బిల్డింగులోనే తెలిసిపాయె. ఆయనకీ మా మింద దిగులు లేదు, మాకూ ఆయన మింద దిగులు లేదు. ఇంక నేను ఎవరి కోసం కథ చెప్పేది?”

శ్రీప్రియ ఎనిమిది నెలలుగా మనసులో పెట్టుకుని చెప్పలేకపోయినదాన్ని ఆవిడ ఒక పిల్లినీ ఒక క్యాన్ల మనిషినీ పెట్టి చెప్పేసింది. ఆమెకు లేచి ఆ అక్కను కౌగిలించుకోవాలనిపించింది.

నరేన్ మంచివాడు. మొండివాడే గానీ మాట తప్పేవాడు కాదు. రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని, “ఓడిపోయానమ్మా,” అన్నాడు. “సినిమాను విప్పుతాను. విప్పి ఏం పెట్టను? రెండేళ్లలో తీసిందంతా ఇదే. వాడు కిందికి చూసిన షాటు ఒక్కటి కూడా నా దగ్గర లేదు.”

“ఒకటి ఉండాది సార్,” అంది అమ్మాసి.

అందరూ ఆవిడ వైపు తిరిగారు.

“వైరు ఇరుక్కుపోయిన దినం సార్. గుర్తు లేదా? వంతెన సెట్టు. నలభై అడుగుల మింద బాబు ఎగిరే మాదిరి వేలాడతాండాడు. వైరు పైకీ పోలే, కిందికీ రాలే. మీరంతా ఆ క్రేను ఆయన కోసం పరిగెత్తినారు. కింద దెబ్బలు తగిలిన వేషాలోళ్లు గూడా లేచి పోయినారు. నేను ఒక్కదాన్నే ఉండా.”

“నువ్వెందుకు ఉన్నావు?”

“నేను శవం గదా సార్. మీరు కట్ చెప్పలే.”

రాఘవులు గర్వంగా తల ఊపాడు. పని అంటే అదీ అన్నట్టు.

“అప్పుడు ఆ బాబు, నేను మాట్లాడుకున్నాం. ఆ కథ మా వీధిలో చెప్తే నవ్వి నవ్వి పొర్లినారు. ఆ పైన ఇంకో మాట ఉండాది. అది మాత్రం నేను చెప్పను. ఎవురికీ చెప్పనని బాబుకి మాటిచ్చినా.”

నరేన్ తల గోక్కున్నాడు. ఆ రోజు హీరో శివరామ్ కిందికి దిగగానే, ఆ ముక్క చెరిపేయమని కచ్చితంగా చెప్పాడు. నరేన్ చెరిపేశామని మాట కూడా ఇచ్చాడు. అందులో ఏముందో వినే తీరిక ఆయనకు ఎప్పుడూ దొరకలేదు.

“చెరపలేదు సార్,” అంది శ్రీప్రియ నెమ్మదిగా. “నేను దేన్నీ చెరపను. పనికిరానివి అని ఒక ఫోల్డరు ఉండాది. దాంట్లో వేసి, చూడొద్దన్నారని చూడలేదు.”

అంటూనే వేలు కదిపింది. ఆత్రంలో అమ్మాసి ముఖం చూడటం మరిచిపోయింది. తెర మీద శివరామ్ ప్రత్యక్షమయ్యాడు. మెరిసే కవచం, చాచిన చేతులు, ఎగిరే భంగిమ. కెమెరా ఎదుటి నుంచి ఏటవాలుగా తీసింది కాబట్టి ఆయన ముఖంతోపాటు కింద గ్రాఫిక్స్ కోసం పరిచిన పచ్చగుడ్డ, దాని మీద వెల్లకిలా ఒకే ఒక్క శవం కనబడుతున్నాయి.

“కింద ఎవరన్నా ఉన్నారా?” తెర మీద వీరుడి గొంతు వణికింది.

“నేనుండా బాబూ.” శవం పెదవులు కదపకుండా జవాబు చెప్పింది.

“మీరు లేచిపోలేదేం? అందరూ పోయారు కదా!”

“వాళ్లు దెబ్బలు తగిలినోళ్లు, పోవచ్చు. నేను చచ్చిపోయినా.”

వీరుడు నవ్వాడు. నవ్వుకు వైరు కిర్రుమంది. నవ్వు టక్కున ఆగింది. “అక్కా, ఈ వైరు తెగుతుందా?”

“తెగదు. తెగితే నా మింద పడు. నాకేం అవతాది, ముందే చచ్చుండా గదా.”

దేవరాజులు నవ్వుకు కుర్చీ వెనక్కి ఒరిగింది. రాఘవులు తుండు నోట్లో కుక్కుకున్నాడు. నరేన్ కూడా ఓటమి మరిచి నవ్వుతున్నాడు. అమ్మాసి మాత్రం నవ్వలేదు. “చాలు పాపా, ఆపు,” అంది. ఆ నవ్వుల్లో ఆ మాట ఎవరికీ వినబడలేదు.

“అక్కా, ఒకటి చెప్తాను, ఎవరితోనూ అనకు,” అన్నాడు తెర మీద శివరామ్. ఆయన నుదుటి మీద చెమట కారి కిందికి రాలుతోంది. “నాకు ఎత్తంటే భయం. చిన్నప్పటి నుంచీ. మేడ మెట్లు కూడా గోడ పట్టుకునే ఎక్కుతాను.”

“మరి రోజూ ఎట్ట ఎగురుతాండావు బాబూ?”

“ఎదురు గోడ మీద ఏదో ఒక మేకు చూసుకుంటాను. దాన్నే చూస్తూ ఎగురుతాను. అందుకే కిందికి చూడను.”

“ఇప్పుడు నన్ను చూస్తాండావే.”

“నువ్వు మాట్లాడుతున్నావు కదక్కా,” అన్నాడు. ఆ కళ్లలో భయం అలాగే ఉంది, కానీ ఆ చూపు కింద ఉన్న మనిషిని వదలలేదు.

తెర నల్లబడింది. నవ్వినవాళ్లందరూ ఎప్పుడు ఆపారో వాళ్లకే తెలియదు. శ్రీప్రియ కళ్లు నిండిపోయాయి. ఎగిరేవాడికి ఎత్తంటే భయం! రెండేళ్లుగా మూడు వందల కోట్లు పోసి వెతికిన కథ, పనికిరానివి అన్న ఫోల్డరులో హాయిగా నిద్రపోతోంది.

“ఇది నేను తీయలేదు,” అన్నాడు నరేన్.

“నువ్వే తీసినావప్పా,” అన్నాడు దేవరాజులు కళ్లు తుడుచుకుంటూ. “కట్ చెప్పడం మర్చిపోయినావు, అంతే.”

అప్పుడు లేచింది అమ్మాసి. ముఖం కందగడ్డలా ఉంది. “ఏంది పాపా నువ్వు చేసిన పని? ఆ బాబు నన్ను నమ్మి చెప్పిన మాట అది. నా మొగుడికి గూడా చెప్పలే నేను. ఇప్పుడు నలుగురు వినేసినారు. ఆయనకి నేనేం ముఖం చూపించేది?”

శ్రీప్రియకు సిగ్గుతో తల వంగిపోయింది. “తప్పయిపోయింది అక్కా. నిజంగా తప్పే.” ఆ మాట మనసులోంచే వచ్చింది. ఈ ముక్క వేస్తే సినిమా బతుకుతుంది, వేయకపోతే ఇట్లాగే పోతుంది. కానీ అది వాళ్ల సొత్తు కాదు, ఆయన గుట్టు.

“ఫోన్ చెయ్యండి సార్,” అంది అమ్మాసి నరేన్‌తో. “నేనే చెప్తా.”

నరేన్ నంబరు కలిపి, స్పీకరు పెట్టి ఇచ్చాడు. అమ్మాసి ఫోను రెండు చేతులతో పట్టుకుంది. “బాబూ, నేను అమ్మాసిని. వంతెన సెట్టులో శవాన్ని… ఆ… బాగుండా. బాబూ, ఆ దినం నువ్వు చెప్పింది ఈడ నలుగురు విన్నారు. వీడియో చెరపలేదంట. నా నోట్లో నించి రాలేదు, కానీ నా ముందరే జరిగింది. తిట్టాలంటే నన్ను తిట్టు.”

అవతలి నుంచి శివరామ్ గొంతు గది మొత్తానికీ వినబడింది. “నేను వస్తున్నాను. ఎవరూ దేన్నీ ముట్టుకోవద్దు. అక్కా, నువ్వు వెళ్లిపోవద్దు.”

శివరామ్ ఇల్లున్న నీలాంగరై నుంచి షోళింగనల్లూరుకు ఎంత దూరమని! ఆ అరగంటా నలుగురూ చేతులు కట్టుకుని కూర్చున్నారు. దేవరాజులు ఊళ్లో ఉన్న దేవుళ్లందరికీ మొక్కుకున్నాడు. నరేన్ గోళ్లు కొరికాడు. అమ్మాసి సంచీలోంచి పులిహోర డబ్బా తీసి అందరికీ పెట్టింది, కోపం ఇంకా పోకపోయినా సరే. మాట పడినవాళ్లకయినా ఆకలి వేస్తుందిగా అంది.

శివరామ్ ఇంట్లో వేసుకునే పాత టీషర్టు, రబ్బరు చెప్పులతోనే వచ్చాడు. ఎవరినీ పలకరించలేదు. “వెయ్యండి,” అన్నాడు.

శ్రీప్రియ వేసింది. నలుగురూ తెర వైపు చూడలేదు, ఆయన ముఖమే చూశారు. మొదట దవడ బిగిసింది. శవం తాను ముందే చచ్చుండానని చెప్పిన చోట మూతి వంకర తిరిగింది. మేకు సంగతి వచ్చేసరికి కళ్లు దించుకున్నాడు. అయిపోయాక కూడా నల్ల తెరనే చూస్తూ ఉండిపోయాడు.

“రెండేళ్లు పనిచేశాం,” అన్నాడు చివరికి. “ఈ సినిమా మొత్తంలో నేను నటించనిది ఇదొక్కటే. దీన్నెందుకు పెట్టలేదు నరేన్ గారూ?”

“మీరే కదండీ చెరిపేయమన్నారు!”

“నేను సవాలక్ష చెప్తాను. మీరు వినేస్తారా?” అని పగలబడి నవ్వాడు శివరామ్. బరువు దించుకున్న మనిషి నవ్వు అది. గదిలో అందరి ఊపిరీ ఒక్కసారి బయటికి వచ్చింది. “ఆ రోజు సిగ్గుపడి చచ్చాను. ఇప్పుడు చూస్తే వాడి మీద నాకే ఇష్టం పుడుతోంది. ఎక్కడ పెడతారు దీన్ని?”

“క్లైమాక్సులో. వీరుడి శక్తి పోయి వేలాడుతున్నట్టు…”

“వద్దు. మొదటి షాటే ఇది. వీడికి భయమని జనానికి ముందే తెలియాలి. తెలిశాక ఎగరనివ్వండి.”

శ్రీప్రియ తలలో సినిమా మొత్తం ఒక్కసారి తిరిగింది. వంతెన, ఆసుపత్రి, బస్సు. ఆ దూరపు చూపు ఉన్న ప్రతి షాటూ మారిపోతోంది. అదిప్పుడు ఠీవి కాదు, మేకును వెతుక్కునే చూపు. ఒక్క ఫ్రేము కొత్తగా తీయకుండానే సినిమా కొత్తదైపోతోంది! ఆనందంతో ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది. “చేసేద్దాం సార్! రేపు సాయంత్రానికి అయిపోతాది. ప్రామిస్!”

“ఒక్క షాటు మాత్రం కొత్తది కావాలి,” అన్నాడు నరేన్. ఆయన కళ్లలో రెండేళ్ల కిందటి వెలుగు కనబడుతోంది. “చిట్టచివర. వీడు భయంతోనే కిందికి చూస్తూ దిగాలి. ఆవిడ దగ్గరకే దిగాలి. చెయ్యి పట్టుకుని లేపాలి. ఆ శవం లేవకపోతే సినిమా లేవదు. రాఘవులూ, వంతెన సెట్టు ఇంకా ఉందా?”

“రేపు మధ్యాహ్నం విప్పేస్తారు సార్. పొద్దునైతే దొరుకుతాది.”

“చాలు. పొద్దున ఆరింటికి కెమెరా పెడదాం. పదింటికల్లా శ్రీప్రియ చేతికి ఇచ్చేద్దాం.”

అందరూ ఒకేసారి అమ్మాసి వైపు తిరిగారు. ఆవిడ పులిహోర డబ్బా మూత పెడుతున్న చెయ్యి ఆపి, ఇబ్బందిగా నరేన్ ముఖంలోకి చూసింది.

“రేపా సార్? రేపు కుదరదే. పొద్దున ఆరింటికి వేరే కంపెనీలో చస్తానని మాటిచ్చేసినా.”